పది తీగల కింద రాగి చుట్ట

ఆ వానాకాలం మా ఇంట్లో గొడవంతా వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ గురించి. చెబితే జనం నవ్వుతారు. ఇల్లన్నాక స్థలం గురించో పెళ్లి గురించో కొట్టుకుంటారు గాని, తీగ గురించి ఎవరైనా కొట్టుకుంటారా అంటారు. నవ్వుకోనీండి. మేం కొట్టుకున్నాం. నోరు చేసుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. దానికి నాకు ఇప్పటికీ ఏ చింతా లేదు.

కింద నా మోటారు వైండింగ్ షాపు, పైన మా ఇల్లు. ఇంట్లో అన్నయ్య, వదిన, అక్క, నేను. వారానికి రెండు సాయంత్రాలు పక్కవీధి డాన్సు హాల్లో అన్నయ్య బ్యాండు వాయించేది. ముందు అన్నయ్య గిటారు, పక్కన వదిన పాట, వెనక డ్రమ్ములాయన, మూలన అక్క. నాకు సంగీతం రాదు. కాలిపోయిన ఫ్యాన్లూ పంపు మోటార్లూ విప్పి మళ్లీ తీగ చుట్టడం వచ్చు. ఆ పనిలో నా అంత నీటుగా చుట్టేవాళ్లు చుట్టుపక్కల లేరని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

అక్క వాయించేది పెడల్ స్టీల్ గిటారు. గిటారు అనగానే ఒళ్లో పెట్టుకునేది అనుకోకండి. అది నాలుగు కాళ్ల బల్ల. మేమంతా దాన్ని బల్ల అనే పిలుస్తాం. పైన పది తీగలు, కింద వరసగా పెడళ్లు, మోకాళ్లకి తగిలేలా మీటలు. కుట్టుమిషను ముందు కూర్చున్నట్టు కూర్చోవాలి. ఎడమచేత్తో బరువైన స్టీలు కడ్డీని తీగల మీద జార్చాలి, కుడిచేతి వేళ్లకి తొడుగులు పెట్టుకుని మీటాలి, అదే సమయంలో కాళ్లతో, మోకాళ్లతో తీగల్ని బిగిస్తూ వదులుతూ ఉండాలి. ఇంటిపని అంటే ఆమడ దూరం పరిగెత్తే మనిషి ఇన్ని పనులు ఒక్కసారే ఎలా చేస్తుందా అని వదిన ఎప్పుడూ ఆశ్చర్యపోయేది.

తీగల కింద ఒక పికప్ ఉంటుంది. చిన్న చట్రంలో పది అయస్కాంతాలు, వాటి చుట్టూ వేలకొద్దీ చుట్లు రాగి తీగ. పైన తీగ వణికితే ఈ చుట్టలో కరెంటు పుడుతుంది, అది యాంప్లిఫయరులోకి వెళ్లి శబ్దమై బయటికొస్తుంది. పికప్ చచ్చిందంటే బల్ల మూగదే.

వానలు మొదలైన రెండో వారంలో చచ్చింది. మీటరు పెట్టి చూశాను, ముల్లు కదల్లేదు. చెమ్మకి లోపలెక్కడో తీగ చిలుము పట్టి తెగిపోయింది.

అప్పటికి హాలు రిపేర్ల కోసం మూసి ఉంది. హాలాయన కొత్త లైట్లు వేయించాడు. ఎరుపూ నీలం మారుతూ, మెల్లగా వెలుగుతూ ఆరుతూ ఉండే రకం. హాలు మూసే ముందు ఒక్క సాయంత్రం ఆ లైట్ల కింద వాయించారు. పాటకీ పాటకీ మధ్య అక్క మూలలోంచి గుయ్యిమని ఒకటే రొద. చెవిలో జోరీగ దూరినట్టు జనం తలలు తిప్పారు. హాలాయన కూడా తిప్పాడు. అది అన్నయ్య చూశాడు.

పికప్ చచ్చిన మూడో రోజు అన్నయ్య ఒక చిన్న అట్టపెట్టె తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు.

“కొత్త పికప్. ఫ్యాక్టరీది. అస్సలు రొద చేయదు. చెల్లీ, ఇది దాని బల్లకి బిగించు” అన్నాడు నాతో.

“దాని బల్లకి ఏం బిగించాలో దాన్ని అడగవా?” అంది అక్క. అక్కడే కూర్చుని ఉంది మరి.

“అడగడానికేముంది? చచ్చిందాని బదులు బతికున్నది. అంతేగా.”

బిగించాను. నిజం చెప్పాలంటే మంచి సరుకే. లోపల రెండు చుట్టలు ఒకదానికొకటి ఎదురు చుట్టి ఉన్నాయి. అన్నయ్య గిటారులో ఉన్నదీ ఇదే రకం. బయటి రొద ఒకదాంట్లో ఎంత దూరితే రెండోది అంత కొట్టేస్తుంది. యాంప్లిఫయరు వేస్తే గదంతా నిశ్శబ్దం. అన్నయ్య మొహం వెలిగిపోయింది.

అక్క తొడుగులు పెట్టుకుంది. కడ్డీ తీగల మీద ఆనించింది. మెల్లగా మీటింది, గట్టిగా మీటింది, మోకాలితో ఒక తీగని పైకి లాగి వదిలింది. రెండు నిమిషాలు వాయించి ఆపేసింది.

“ఏమైంది? బాగుంది కదా!” అన్నాడు అన్నయ్య.

“బాగుంది. నేను మెల్లగా అడిగినా, గట్టిగా అడిగినా ఒకే మర్యాదగా జవాబు చెబుతోంది. ఇంత మర్యాద నాకెక్కడిది?”

వదిన నవ్వు ఆపుకోలేక వంటగదిలోకి వెళ్లిపోయింది.

“మర్యాద నేర్చుకో” అన్నాడు అన్నయ్య. నవ్వలేదు. “హాలు తెరిచే ముందు శుక్రవారం మధ్యాహ్నం హాలాయన వచ్చి వింటాడు. ఇంకా మూడు వారాలుంది. ఈలోగా ఇది అలవాటు చేసుకో. ఆ రోజు నీ మూలలోంచి గుయ్యిమందంటే అక్కడ కీబోర్డు పెడతాను. స్టీల్ గిటారు శబ్దం అందులో ఒక మీట నొక్కితే వస్తుంది. వాయించేవాణ్ణి కూడా మాట్లాడి ఉంచాను.”

అన్నయ్య చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు దులిపేసి ఊరుకునేవాళ్లం. హాలు పోతే బ్యాండు పోతుందని వాడి భయం, ఆ భయంలో వాడికి అక్క పద్దెనిమిదేళ్ల వాయింపు ఒక మీటలా కనబడింది. నాకు ఒళ్లు మండింది.

“పాతదే నేను మళ్లీ చుడతాను” అన్నాను.

“ఏంటి, పంపు మోటార్లు చుట్టే చేత్తోనా?”

“ఆ చేత్తోనే.”

అన్నయ్య అట్టపెట్టె మూత నా వైపు తోసి లేచిపోయాడు. ఆ రోజు నుంచి ఇంట్లో మాట్లాడుకోవడాలు తగ్గాయి. ఏం కావాలన్నా వదిన మధ్యలో నిలబడి అటూ ఇటూ చేరవేసేది.

*

మర్నాడు పొద్దున్నే పాత పికప్ షాపులోకి తెచ్చుకుని, వచ్చీ రాగానే చేయకూడని పని చేశాను.

మోటారు కాయిల్ కాలితే మేం ఏం చేస్తామంటే, ఒక పక్క కోసేస్తాం. కోసిన చోట తీగ చివరలు లెక్కపెట్టుకుంటాం. అరవై ఉంటే అరవై చుట్లు, ఎనభై ఉంటే ఎనభై. మళ్లీ అన్నే చుడతాం. పదేళ్ల వయసు నుంచి ఈ చేతులు అదే చేశాయి. ఆ పొద్దున కూడా బ్లేడు తీసుకుని, ఏమీ ఆలోచించకుండా, చుట్ట ఒక పక్క నిలువునా కోసేశాను.

కోశాక చూశాను. తీగ చివరలు అరవై కాదు, ఎనభై కాదు. మఖమల్ గుడ్డ అంచులా వేలకి వేలు. ఎవరు లెక్కపెడతారు? తెగిన ముక్కలు ఊపిరి తగిలితే ఎగురుతున్నాయి.

అక్క అప్పుడే టీ గ్లాసుతో దిగింది. కోసిన చుట్ట చూసింది, నా మొహం చూసింది.

“ఎన్ని చుట్లో లెక్కపెట్టుకున్నావా?”

“లేదు.”

“మరి?”

“మరేముంది, కోసేశాను.”

అక్క కోప్పడుతుందనుకున్నాను. స్టూలు మీద కూర్చుని టీ మొత్తం తాగింది. “సరే. చచ్చినదాన్నే కదా కోశావు. బతికున్నదాన్ని కాదుగా” అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చినంత పనయింది.

లెక్క తెలియనప్పుడు మా పనిలో ఇంకో దారి ఉంది. తీసిన రాగి మొత్తం తూకం వేసి, అదే మందం తీగ అంతే బరువు మళ్లీ చుట్టడం. కానీ నా షాపు కాటా పంపు మోటార్లకి పనికొచ్చేది. ఆ వెంట్రుకల ముద్ద పెడితే కదలనైనా కదల్లేదు. అందుకని ఒక్క పోగూ పోకుండా అగ్గిపెట్టెలో వేసుకుని, గొడుగేసుకుని, రోడ్డు చివర బంగారం కొట్టుకి వెళ్లాను.

కొట్టాయన అగ్గిపెట్టె తెరిచి చూసి, “ఇది బంగారం కాదమ్మా” అన్నాడు జాలిగా. ఎవరో నన్ను మోసం చేశారనుకున్నాడు పాపం.

“తెలుసండీ. రాగి. తూకం వేయండి చాలు.”

“రాగినా?”

“మా అక్క గొంతండీ అది. మీరు తూకం వేయండి.”

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు గాని, శ్రద్ధగానే తూచాడు. అంకెలు చీటీ మీద రాసిచ్చి, పిచ్చివాళ్లతో మాట్లాడేటప్పుడు వాడే మెత్తని గొంతుతో జాగ్రత్తగా వెళ్లి రమ్మన్నాడు.

*

పది రోజులు పట్టింది మొదటి చుట్టకి. అంత సన్నని తీగ మా షాపుల్లో దొరకదు. గడియారాలు బాగుచేసే ఆయన దగ్గర ఒక ఉండ సంపాదించాను. ఫ్యాను కాయిళ్లు చుట్టే చేతి మిషనుకి పికప్ చట్రం బిగించి, తీగని రెండు వేళ్ల మధ్య పట్టి, ఒక్కో వరసా పక్కపక్కనే, ఎడం లేకుండా, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా చుట్టాను. వానకి పంపు మోటార్లు మునిగి కాలిపోయి గుమ్మం దాకా పేరుకుపోయాయి. వాటి సొంతదారులు వచ్చి నసిగితే, ఆగమన్నాను. ఆగలేనివాళ్లని వేరే షాపు చూసుకోమన్నాను.

అయిపోయాక దాన్ని వార్నిష్‌లో ముంచి, వేడి బల్బు కింద ఆరబెట్టాను. మోటారుకైతే అలాగే చేస్తాం, చుట్టు కదలకుండా. పట్టుబట్ట మడత పెట్టినట్టుంది నా చుట్ట. నా జీవితంలో అంత అందంగా ఏదీ చుట్టలేదు.

అక్క ఐదు నిమిషాలు వాయించింది. చూపు నా వైపు తిప్పకుండా, “గొంతుకి కండువా చుట్టుకున్నట్టుందే” అంది.

“బరువు సరిగ్గా అంతే! తీగ అదే! ఇంకేం కావాలి నీకు?”

“నాకేం తెలుసు? పై తీగలు మెరవట్లేదు. మూత పెట్టినట్టుంది.”

నాకు తిక్క రేగింది. పది రోజుల పని. “అయితే ఆ ఫ్యాక్టరీది పెట్టేసుకో! నీ చెవులకి దండం. హాల్లో జనానికి ఈ తేడా ఎవరికి తెలుస్తుంది చెప్పు? ఒక్కడికి తెలుస్తుందా?” అని అరిచాను.

అక్క కడ్డీ పక్కన పెట్టింది.

“ఎవరికీ తెలియదు. సరేనా? ఒక్కడికీ తెలియదు. ఆ మూలలో నేను కూర్చుంటే నా మొహం కూడా ఎవరికీ తెలియదు. కర్టెన్ వెనక సగం, డ్రమ్ముల వెనక సగం. పద్దెనిమిదేళ్లలో నాతో ఎవడైనా బాగా వాయించావమ్మా అన్నాడా? ఎదురుగా కనబడే మన అన్నయ్యతో అంటారు. నాకేం బాధ లేదు. కానీ అక్కణ్ణించి బయటికెళ్లేది ఆ శబ్దం ఒక్కటేనే. అది కూడా ఇంకెవరిదో పెట్టుకుంటే ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఒకటే. అప్పుడు కీబోర్డే నయం. దానికి టీ ఇవ్వక్కర్లేదు.”

అక్క పైకి వెళ్లిపోయింది. రెండు రోజులు నేను దిగి షాపు తెరవడం, ఎక్కి పడుకోవడం తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. అన్నయ్య మాత్రం ఫోనులో కీబోర్డు ఎప్పుడు పంపుతారని ఎవరినో అడుగుతుంటే వినబడేది.

మూడో రోజు ఆ అగ్గిపెట్టె మళ్లీ తీశాను. అందులో కోసిన పాత చుట్ట ముక్క ఒకటి ఇంకా విడిపోకుండా అతుక్కునే ఉంది. గడియారాలాయన దగ్గర భూతద్దం అడిగి తెచ్చుకుని, కోసిన చోటుని వెలుతురులో పెట్టి చూశాను.

చూస్తే వరసా లేదు, పాడూ లేదు. తీగ ఇష్టమొచ్చినట్టు పోయింది. ఒక చుట్టు ఈ చివరి నుంచి ఆ చివరికి ఏటవాలుగా పరిగెత్తింది, దాని మీద ఇంకోటి అడ్డంగా పడింది. మధ్యలో ఖాళీలు. మా షాపులో ఎవరైనా అలా చుడితే చెవి మెలిపెట్టి మళ్లీ చుట్టించేదాన్ని. ఎవరో ఎక్కడో కబుర్లు చెప్పుకుంటూ చుట్టిన చుట్ట అది. తీగలు అంటుకోకుండా ఎడంగా ఉండబట్టే దానికి ఆ మెరుపు. నేను పక్కపక్కనే ఇరికించి, పైగా వార్నిష్ పోసి, ఊపిరాడకుండా చేశాను. ఇంతకాలం నా నీటుతనం చూసుకుని మురిసిన మనిషిని, ఆ మధ్యాహ్నం భూతద్దం పట్టుకుని నన్ను నేనే తిట్టుకున్నాను.

తెలిసింది సరే, చేతులు వినాలి కదా! తీగ పట్టుకోగానే వేళ్లు వాటంతటవే వరస పెట్టేస్తున్నాయి. అడ్డదిడ్డంగా చుట్టాలని చూస్తే అది కూడా లెక్క ప్రకారం అడ్డదిడ్డంగా వస్తోంది. నా తల ప్రాణం తోకకొచ్చింది.

అక్క వచ్చి ఎదురుగా కూర్చుంది. “నీ చేతుల్ని చూడకు. నన్ను చూడు” అంది. “మన చిన్నత్త పెళ్లిచూపులకి వచ్చినవాళ్ల ముందుకి కళ్లజోడు లేకుండా పోయిన సంగతి నీకు చెప్పానా?”

“ఇప్పుడెందుకే?”

“చుట్టు. చెబుతా.”

చెప్పింది. పెళ్లికొడుకనుకుని వాళ్ల మామయ్యకి కాఫీ ఇచ్చి సిగ్గుపడి, ఆయన పక్కనే కూర్చున్న సంగతి. నేను మిషను తిప్పుతూ పగలబడి నవ్వాను. తీగ ఎటు పోయిందో నాకు తెలియదు. నవ్వు శబ్దానికి వదిన దిగొచ్చింది, తడిసిన గొడుగు గుమ్మంలో పెట్టి తనూ ఒక పంపు మోటారు మీద చతికిలబడింది. వదిన దగ్గర ఇన్ని కథలున్నాయని నాకు అంతకు ముందు తెలియదు. అందులో సగం అన్నయ్యవే. పెళ్లయిన కొత్తల్లో అద్దం ముందు నిలబడి దండం పెట్టడం సాధన చేసేవాడట, జనం చప్పట్లు కొట్టినప్పుడు ఎలా వంగాలో అని.

“ఇప్పటికీ చేస్తారు” అంది వదిన. నవ్వుకి తీగ తెగింది.

మళ్లీ మొదలుపెట్టాం. మర్నాడు ఇంకోసారి తెగింది. మూడోసారికి, నాలుగు మధ్యాహ్నాల చాడీల తర్వాత, బంగారం కొట్టాయన రాసిచ్చిన బరువు వచ్చింది. వార్నిష్ జోలికి పోలేదు. కరిగిన మైనంలో ముంచి తీశాను, అంతే.

అక్క షాపులోనే బల్ల వేసుకుని కూర్చుంది. ఒక పెద్దాయన ఫ్యాను కోసం వచ్చి కూర్చుని ఉన్నాడు. అక్క మీటింది. తీగ మోగి, కడ్డీ వెంబడి పైకి జారి, ఇంక పోదనుకున్న చోటు దాటి మోకాలి మీటతో ఇంకాస్త పైకి పోయి, అక్కడ సన్నగా వణుకుతూ నిలబడింది. నాకు సంగీతం రాదని చెప్పాను కదా. అయినా నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. వదిన ఆ స్వరంలోనే గొంతు కలిపి మెల్లగా కూనిరాగం తీసింది.

“వచ్చేసింది” అంది అక్క. కళ్లు తుడుచుకుని, “ఏయ్, చిన్నత్తకి చెప్పకండి ఆవిడ వల్లే అని” అంది.

పెద్దాయన ఫ్యాను మర్చిపోయి వెళ్లిపోయాడు.

*

ఆనందం సరే. ఆ చుట్ట ఒంటరిది, ఎదురు చుట్ట లేదు. రొద ఉంటుంది. అది నాకు తెలుసు, అక్కకీ తెలుసు. మిగిలింది రెండు రోజులు.

అక్కని వెంటబెట్టుకుని బుధవారం మధ్యాహ్నం హాలుకి వెళ్లాను. అన్నయ్య లేడు. లైట్లన్నీ వేయించి, పికప్‌కి పొడుగాటి వైరు కలిపి, దాన్ని చేత్తో పట్టుకుని స్టేజీ మీద నడిచాను. అక్క మూలలో గుయ్యిమని చెవులు చిల్లులు పడ్డాయి. గోడ వెనక్కి వెళ్లి చూస్తే, ఆ మూలకి సరిగ్గా అవతల, కొత్త లైట్ల కంట్రోలు పెట్టె. బీరువా అంత ఉంది. రోజూ ట్రాన్స్‌ఫార్మర్లతో పనిచేసే మనిషిని, ముందే వచ్చి చూడాల్సింది. పికప్‌ది తప్పే కాదు. దాన్ని తీసుకెళ్లి రొద పెట్టె నెత్తి మీద కూర్చోబెట్టారు.

ఒక్కో అడుగూ ముందుకి వేస్తూ వచ్చాను. రొద తగ్గుతూ వచ్చింది. స్టేజీ అంచు దగ్గర, నడిమధ్యన, పికప్‌ని పక్కకి తిప్పి పట్టుకుంటే దాదాపు పోయింది. ఒక అడుగు అటు వేస్తే మళ్లీ వచ్చింది. ఇటు వేసినా వచ్చింది. మొత్తం స్టేజీ మీద ఆ ఒక్క చోటే.

కిందికి చూశాను. నా కాళ్ల దగ్గర నేల మీద తెల్ల టేపుతో ఒక గుర్తు అంటించి ఉంది.

“అక్కా, ఇది అన్నయ్య నిలబడే చోటు.”

అక్క వచ్చి ఆ గుర్తుని చూసింది. తర్వాత ఖాళీ కుర్చీల వైపు, వరస వరసా, చివరి దాకా చూసింది. అక్కణ్ణించి హాలు ఎలా కనబడుతుందో తను ఎప్పుడూ చూడలేదనుకుంటాను.

“ఇక్కడ బాగా వెలుతురుంది” అంది.

*

శుక్రవారం మధ్యాహ్నం మేం వెళ్లేసరికి కీబోర్డు వచ్చేసింది. అన్నయ్య అప్పటికే దాన్ని అక్క మూలలో బిగించి, ప్లాస్టిక్ కవరు కప్పి ఉంచాడు. అన్నయ్య ‘ఊఁ’ అంటే వాయించేవాడు సాయంత్రమే వస్తాడట.

అక్కా నేనూ బల్ల మోసుకెళ్లి స్టేజీ ముందు, తెల్ల టేపు మీద దించాం. జనానికి పక్కగా ఉండేలా తిప్పాం. అలా తిప్పితే అక్క వీపు సరిగ్గా అన్నయ్య వైపు వస్తుంది. కావాలని చేయలేదు. చుట్ట అలాగే కోరింది.

“అది నా చోటు” అన్నాడు అన్నయ్య.

“ఇక్కడైతే గుయ్యిమనదు. నీకు కావలసింది అదేగా?” అంది అక్క, తొడుగులు పెట్టుకుంటూ.

“నేను ముందు లేకపోతే పాట ఎవరు మొదలుపెడతారు? నా చెయ్యి చూసి కదా అందరూ అందుకునేది! అటు తిరిగి కూర్చుంటే నీకు నా చెయ్యెలా కనబడుతుంది?”

“కనబడదు.”

“చెల్లీ, ఆ కొత్త పికప్ ఏదీ? బిగించు. మూలకి జరపండి దీన్ని.”

“బిగించను” అన్నాను. “జరపను కూడా. చుట్టింది నేను, ఎక్కడ పనిచేస్తుందో నేను చెబుతాను. నీకు నమ్మకం లేకపోతే విను.”

అన్నయ్య మొహం ఎర్రబడింది. ఏదో అనబోయేంతలో తలుపు దగ్గర గొడుగు దులుపుతున్న చప్పుడు వినబడింది. హాలాయన వచ్చి రెండో వరసలో కూర్చున్నాడు. అన్నయ్య గొంతు తగ్గించి, గిటారు మెళ్లో వేసుకుని, టేపుకి నాలుగడుగుల పక్కన, అక్క వీపు వెనక నిలబడి చెయ్యెత్తాడు.

వదిన ఇంకా తన పాత చోటులోనే, అన్నయ్య పక్కన ఉంది. ఎత్తిన చేతి వైపు ఒకసారి చూసింది. తర్వాత మైకు స్టాండు నడుం దగ్గర పట్టుకుని ఎత్తి, వైరు కాళ్లకి అడ్డం పడకుండా పక్కకి తోసుకుంటూ, నడిచొచ్చి అక్క ఎదురుగా పెట్టింది. స్టాండు ఎత్తు సరిచేసుకుంది. గొంతు సవరించుకుంది.

డ్రమ్ములాయన అన్నయ్యని చూశాడు, వదినని చూశాడు, చివరికి అక్క కాలిని చూశాడు.

అక్క మడమ నేలకి తగిలింది, ఒకటి, రెండు, మూడు, నాలుగు. పాట మొదలైంది.

అన్నయ్య చెయ్యి ఇంకా పైనే ఉంది. దించి తీగల మీద వేసేసరికి మొదటి చరణం సగం అయిపోయింది. నేను మెట్ల మీద కూర్చుని విన్నాను. వదిన ఎప్పుడూ పైస్వరానికి భయపడుతూ ఎక్కేది. ఆ రోజు ఎదురుగా అక్క కడ్డీ జారుతుంటే దాని చెయ్యి పట్టుకున్నట్టు ఎక్కింది. లైట్లు ఎరుపయ్యాయి, నీలమయ్యాయి. పాట ఆగింది. ఏ రొదా లేదు. పైకప్పు మీద వాన ఒక్కటే వినబడింది.

హాలాయన కాసేపు ఎదురుచూశాడు. “మరి ఆ గుయ్ ఏదీ?” అన్నాడు.

“పోయిందండీ” అన్నాను.

“ఊఁ” అని లేచాడు. అక్క వైపు చూసి, “మీరు కొత్తగా చేరారామ్మా? బాగుంది. ఇలాగే ఉంచండి. ఏదీ మార్చకండి” అన్నాడు. గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

డ్రమ్ములాయన నవ్వు ఆపుకోలేక తువ్వాలు మొహం మీద వేసుకున్నాడు. వదిన నవ్వలేదు. నీళ్ల సీసా తెచ్చి అక్కకి ఇచ్చింది. అక్క గుక్కెడు తాగి, వచ్చే పాటకి తీగలు శ్రుతి చేసుకోవడం మొదలుపెట్టింది.

అన్నయ్య వైర్లు దాటుకుంటూ చుట్టూ తిరిగి అక్క ముందుకొచ్చాడు. అన్నయ్య ఎవరి ముందుకైనా అలా తిరిగి రావడం నేను అంతకు ముందు చూడలేదు. గిటారు పట్టీ సవరించుకున్నాడు. కోపంగా అనలేదు, నిజంగానే తెలియక అడిగాడు.

“మరి నేనెక్కడ నిలబడాలి?”

అక్క తలెత్తలేదు. ఒక తీగ బిగించి, మీటి, విని, మళ్లీ కాస్త బిగించింది.

“ఆ మూల ఖాళీయేగా” అంది.

అన్నయ్య మూల వైపు చూశాడు. మా ముగ్గురినీ చూశాడు. గిటారు వీపు మీదికి తోసుకుని వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, కీబోర్డు వైర్లు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాడు.